సద్దిగిన్నెకు తీర్పు

చదువవలసిన భాగములు: రోమా 14:1-19, యోహాను 6:5-13

గుజరాతు రాష్ట్రములోని సూరత్ పట్టణము రెండింటికి పేరుపొందినది. ఒకటి బట్ట, రెండవది తిండి. సూరత్‌లో భోజనము, కాశీలో మరణము దొరకుట భాగ్యమని గుజరాతీయులలో ఒక సామెత యున్నది. శీతకాలమున ఉంధియు, చందనీ పడవా పండుగకు ఘారీ, ప్రతి ఉదయమున వీధి మలుపులలో ఆవిరి క్రక్కుచుండు లోచో ఆ పట్టణవాసులకు ప్రియమైన వంటకములు. ఇక బట్ట సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. సూరత్ మరమగ్గములపై నేసి, అక్కడి మిల్లులలో అద్దిన చీరలు దేశమంతట అమ్ముడుపోవుచున్నవి.

ఆ మగ్గముల చప్పుడు నడుమ తెలుగు మాటయు వినబడును. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నేతకుటుంబములు అనేకములు, చేతిమగ్గముతో బ్రతుకు సాగని దినములలో, బొంబాయి, భివండి, షోలాపూరు, సూరత్ త్రోవలు పట్టినవి. సూరత్‌లోని లింబాయత్ మొదలగు పేటలలో అట్టివారు అనేకులు స్థిరపడిరి. నగరపాలక సంస్థ నడుపు పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకును చోటుండుట వారి సంఖ్యకు సాక్ష్యము.

పాండేసరా పారిశ్రామికవాడకు చేరువనున్న వడోద్ వంటి చోట్ల దినము మగ్గముల వేళలనుబట్టి నడచును. పండ్రెండు గంటల పనిలో భోజనమునకు దొరకునది కొద్ది సమయమే. అట్టి చోట ఒక తెలుగు కార్మికుని తలంచుకొనుడి. తోడివారు షెడ్డు బయటికి పోయి వడాపావో, సేవ్ చల్లిన ఖమణో, పొట్లపు నూడుల్సో, చల్లని సీసాపానీయమో కొనుక్కొందురు. అతడు మాత్రము ఇంటినుండి తెచ్చిన గిన్నె విప్పును. అందులో జొన్నరొట్టె, పప్పు, ఒక పచ్చిమిరపకాయ, చిన్న సీసాలో పచ్చిపులుసు ఉండును. "ఏందన్నా, ఇన్నేండ్లాయె పట్నమొచ్చి, ఇంకా సద్ది ఇడువవా?" అని ఒకడు నవ్వును. పైసలు కూడబెట్టు పిసినారియని రెండవవాడు తీర్పు చెప్పును. తమతో కూర్చుండి తినుటకు ఇష్టము లేని గర్విష్ఠియని మూడవవాడు మనస్సులోనే అనుకొనును. ఇంటివద్ద అతని కుమార్తె బడికి పోయి, జొన్నరొట్టెను మూతచాటున దాచుకొని తినును, లేక తినకయే తిరిగి తెచ్చును. ఆదివారమున ఆరాధన తరువాత పుట్టినదినపు వేడుకలో పొట్లములు పంచిపెట్టినప్పుడు ఆ కుటుంబము వద్దనినయెడల, భక్తి ముదిరి పరిసయ్యులైరని సంఘములోనే గుసగుస పుట్టును.

ఇది చిన్న విషయమని త్రోసివేయవచ్చును. అయినను అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో తిండినిగూర్చిన తగవునకు దాదాపు ఒక అధ్యాయమంతయు కేటాయించెను. భోజన విషయమై సహోదరుడు నొచ్చుకొనునంతగా నడచుకొనువాడు ప్రేమమార్గమును విడిచినవాడని అక్కడ అతడు నిర్ణయించెను. కావున దీనిని ప్రభువు వాక్యపు వెలుగులో పరీక్షించుట తగును.

1. ఈ తీర్పు క్రొత్తది కాదు

బాప్తిస్మమిచ్చు యోహాను మిడుతలను అడవితేనెను తిని అరణ్యములో బ్రదికెను. జనులు అతనికి దయ్యము పట్టినదనిరి. మనుష్యకుమారుడు విందులలో కూర్చుండి అందరితోకూడ భుజించెను, ఆయనను తిండిపోతనిరి. ఈ సంగతిని ప్రభువే మత్తయి 11వ అధ్యాయములో ఎత్తి చూపెను. తినని వానికిని నింద వచ్చెను, తినిన వానికిని నింద వచ్చెను. తీర్పు తీర్చుటకు నిశ్చయించుకొనిన కన్నునకు ఏ గిన్నెయైనను చాలును.

రోమా సంఘములో కొందరు సమస్తమును తినిరి. కొందరు కూరగాయలే తినిరి. అక్కడి ప్రశ్న మనస్సాక్షికి సంబంధించినది. వడోద్ కార్మికుని ప్రశ్న ఆరోగ్యమునకును, సంపాదనకును, అలవాటునకును సంబంధించినది. వ్యాధి మాత్రము ఒక్కటే. పౌలు దానిని రెండుగా విడదీసి చూపుచున్నాడు. తినువాడు తినని వానిని తృణీకరించును. తినని వాడు తినువానిని నేరస్థునిగా ఎంచును. నవ్వు ఒకని పాపము, కోపము రెండవవాని పాపము. ఇద్దరికిని పౌలు చెప్పు ఉత్తరము ఒక్కటే: దేవుడు అతనిని చేర్చుకొనెను. పరుల సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు? అతడు నిలిచినను పడినను అతని యజమానుడు చూచుకొనును. నిలువబెట్టుటకు ఆ యజమానుడు శక్తిగలవాడు.

మగ్గముల షెడ్డులో పనిచేయువారికి ఈ మాట సులభముగా బోధపడును. ఒక సేటు క్రింద పనిచేయువాని నేతలోని లోపమును వేరొక సేటు పనివాడు వచ్చి విచారింపడు, జీతము కోయడు. అట్లు చేసినయెడల అందరును నవ్వుదురు. అయితే సహోదరుని భోజనపు గిన్నె విషయములో ఆ హక్కు తమకు కలదని అనేకులు తలంచుచున్నారు.

2. ఇంటి వంటను కోరువాని పక్షము

ఇంటి వంటను కోరువాడు అజ్ఞాని కాడు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024 మే మాసములో భారతీయులకు 17 ఆహార సూత్రములను ప్రకటించెను. దేశములోని మొత్తము వ్యాధిభారములో 56.4 శాతము సరికాని ఆహారమునకు సంబంధించినదని ఆ సంస్థ అంచనా వేసినది. ఉప్పు, పంచదార, నూనె అధికముగానున్న పదార్థములను, కర్మాగారములలో అతిగా మార్చబడి పొట్లములలో వచ్చు తినుబండారములను తగ్గించవలెనని అది హెచ్చరించుచున్నది.

2019లో అమెరికాలో 20 మందిపై జరిగిన ఒక పరీక్షయు ఇందుకు తోడ్పడుచున్నది. వారికి రెండు వారములు కర్మాగారపు ఆహారమును, రెండు వారములు సాదా ఆహారమును పెట్టిరి. రెండింటను చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానముగా నుండునట్లు వడ్డించి, ఇష్టమైనంత తినుమనిరి. కర్మాగారపు ఆహారము తినిన దినములలో వారు దినమునకు సుమారు 500 కాలరీలు ఎక్కువ తినిరి. రెండు వారములలోనే దాదాపు ఒక కిలో బరువు పెరిగిరి. వారు తిండిపోతులై అట్లు చేయలేదు. ఆ ఆహారమే తమకు తెలియకుండ వారిచేత ఎక్కువ తినిపించెను. దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని 1 కొరింథీ 6:19లో చదివిన విశ్వాసి ఇట్టి సంగతిని లక్ష్యపెట్టినయెడల అతనిని నిందింప పనిలేదు.

జొన్నరొట్టెకు సిగ్గుపడుటకును కారణము లేదు. సూరత్ వాసులు శీతకాలము వచ్చినంతనే ఎంతో మక్కువతో కొని తిను పోంక్ అనునది ఏమి? అది నిప్పులమీద కాల్చి దులిపిన లేత జొన్నయే. తెలంగాణ పల్లెలలో చేని గట్టున పిల్లలు చేతులు కాలుచుండగా నలుపుకొని తిను ఊచబియ్యమునకు అది సొంత బంధువు. ఒకే గింజ అంగడిలో వేడుకగాను, గిన్నెలో పేదరికముగాను కనబడినయెడల లోపము గింజలో లేదు, చూచువాని కంటిలో నున్నది.

బబులోను రాజనగరులో దానియేలును అతని స్నేహితులును రాజు భుజించు భోజనమును విడిచి శాకధాన్యాదులను కోరుకొనిరి. ఆ కథలో వారి తీర్మానమును మెచ్చుకొనువారు అనేకులు. వారి మర్యాదను గుర్తించువారు కొందరే. దానియేలు భోజనపు బల్లను త్రోసివేయలేదు. పై అధికారిని వేడుకొనెను. తన వలన ఆ అధికారికి రాజునొద్ద అపాయము కలుగునేమోయని ఆలోచించి, పది దినములు మాత్రము పరీక్షించి చూడుమనెను. రాజు భోజనము తినుచున్న తక్కిన యౌవనులను అతడు దూషించినట్లు గ్రంథములో ఎక్కడను లేదు. స్థిరమైన మనస్సు, మృదువైన మాట: ఈ రెండును కలిసినచోట ఇంటి వంట సాక్ష్యమగును.

3. తీర్పు వెనుకనున్న గాయము

అయినను సద్దిగిన్నెను చూచి నొచ్చుకొనిన సహోదరుని మాటయు వినవలెను. ఈ దేశములో పెట్టిన అన్నమును కాదనుట ఎన్నడును తిండికి మాత్రమే సంబంధించిన సంగతియై యుండలేదు. ఎవరి చేతి నీళ్లు త్రాగవచ్చును, ఎవరి కుండ ముట్టరాదు, ఎవరికి దోసిలిలో పైనుండి పోయవలెను అను లెక్కలతో కోట్లకొలది జనులు తరతరములు అవమానింపబడిరి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును నిషేధించెను. చట్టము నిషేధించిన దానిని హృదయము అంత త్వరగా మరువదు. తెలుగు సంఘములలో ఆ అవమానమును స్వయముగా అనుభవించిన తాతలకు మనుమలైనవారు బహుమంది కలరు. అట్టివాడు ప్రేమతో చాచిన పొట్లమును ఒకడు వద్దనినప్పుడు అతని చెవికి వినబడునది ఆరోగ్యశాస్త్రము కాదు, పాతమాటయే.

పేతురు అంతియొకయలో ఈ గాయమునే రేపెను. మొదట అతడు అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు వచ్చినప్పుడు భయపడి వెనుకతీసి వేరైపోయెను. పౌలు అందరియెదుట అతనిని ఎదిరించెనని గలతీ 2వ అధ్యాయము చెప్పుచున్నది. పేతురు పళ్లెములో ఏమున్నదని పౌలు అడుగలేదు. ఎవరి ప్రక్కనుండి లేచిపోయెనో దానినిగూర్చి నిలదీసెను.

కాబట్టి గిన్నె తెచ్చుకొనుటకును, గిన్నెతో దూరముగా పోయి కూర్చుండుటకును మధ్య గొప్ప భేదమున్నది. వడోద్ కార్మికుడు మగ్గము చాటున ఒంటరిగా తినినయెడల, అతని జొన్నరొట్టె ఎంత మంచిదైనను ప్రక్కవానికి అది గోడగానే కనబడును. అదే రొట్టెను నలుగురి మధ్య విప్పి, "అన్నా, చక్కెర జబ్బు పట్టినది, డాక్టరు వద్దన్నడు. కొంచెము రొట్టె తిను" అనినయెడల ఆ గోడ కూలును. కారణము చెప్పుట చిన్నతనము కాదు. అది సహోదరునికి చేయు గౌరవము.

వడ్డించువారికిని ఒక మాట. రోగముచేతనో, వ్రతముచేతనో, అలవాటుచేతనో వద్దనినవానిని మూడుమారులు బలవంతపెట్టి, చివరకు నొచ్చుకొనుట ఆతిథ్యము కాదు. అతిథి కడుపునకు హాని చేయు ప్రేమ తనను తాను మెచ్చుకొను ప్రేమయే.

4. ఇంటి వంటవాడు న్యాయపీఠమెక్కినప్పుడు

నవ్వబడినవాడు ఒకనాడు నవ్వుటకు నేర్చుకొనును. ఇంటి వంటను సమర్థించు శాస్త్రము చేతికి దొరకినంతనే, నిన్న నింద మోసినవాడు నేడు న్యాయాధిపతియగుట కలదు. పొట్లము కొనిన తల్లిని చూచి, ఈమెకు బిడ్డలమీద ప్రేమ లేదనును. అయితే ఆ తల్లి ఎవరు? సూరత్‌లో ఇంటిలోనే కూర్చుండి చీరలకు రాళ్లు అంటించుచు, దారపు పోగులు కత్తిరించుచు, ముక్కకింత కూలియని రాత్రి ప్రొద్దుపోవువరకు కన్నులు పోగొట్టుకొను స్త్రీలు అనేకులున్నారు. ఒక్క గదిలో పదిమంది వంతులవారీగా నిద్రించు ఒంటరి యువకులు ఉన్నారు. వారికి పొయ్యి పెట్టుకొనుటకు చోటే లేదు. వారి పొట్లమునకు సోమరితనమని పేరు పెట్టువాడు వారి రాత్రిని చూడలేదు. వీధిలో బండి నిలిపి లోచో అమ్మువాడును తన బిడ్డల అన్నముకొరకే తెల్లవారకముందు శనగపప్పు రుబ్బెను. అతని చేతివంటను కర్మాగారపు పొట్లముతో ఒకే గాట కట్టుటయు న్యాయము కాదు.

ఇంటి వంటయైనంత మాత్రమున అది పరిశుద్ధమగునా? ఏశావు తన జ్యేష్ఠత్వమును అమ్ముకొనినది ఏ అంగడి తినుబండారమునకు? యాకోబు గుడారమునొద్ద వండిన చిక్కుడుకాయల వంటకమునకే గదా. అది ఇంటి వంటయే. వండినవాడు స్వంత సహోదరుడే. అయినను ఆ గిన్నెలో ప్రేమ లేదు, బేరము మాత్రమే ఉండెను. ఇంట పెట్టిన ఊరగాయలోనైనను ఉప్పు ఉప్పే. రక్తపు పోటు దానికి మినహాయింపు నియ్యదు. వెలుపలినుండి లోపలికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదనియు, హృదయములోనుండి బయలువెళ్లునదే అపవిత్రపరచుననియు ప్రభువు మార్కు 7వ అధ్యాయములో బోధించెను. ఆయన లెక్కలో జొన్నరొట్టె తినుచు సహోదరుని తృణీకరించిన నోరు, పొట్లము తినుచు కృతజ్ఞత చెల్లించిన నోటికంటె మైలపడినది.

ఇంటి వంటను మెచ్చుకొను పురుషుడు ఇంకొక ప్రశ్నకును జవాబు చెప్పవలెను. ఆ గిన్నె ఎవరు నింపిరి? పగటిపనికి పోవు భర్తకు సద్ది కట్టవలెనన్న నాలుగు గంటలకే లేచి, నీళ్ల కొరకు నిలిచి, పిండి పిసికి, రొట్టె తట్టిన చేతులు ఎవరివి? ఆ చేతులే తరువాత కూలిపనికిని పోవుచున్నవి. మార్తను ప్రభువు గద్దించినది వండినందుకు కాదు. అనేకమైన పనుల తొందరలో పడి సహోదరిపై ఫిర్యాదు చేసినందున ఆమెను ప్రేమతో సరిచేసెను. నేటి గృహములలో మార్త ఫిర్యాదు చేయకయే అలసిపోవుచున్నది. ఆమె వంటను పొగడువాడు కుండెడు నీళ్లైనను మోయుట లేదు. తిరిగి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరమున ఏమి చేసెను? రాత్రియంతయు ప్రయాసపడి వచ్చిన జాలరులకొరకు నిప్పులు సిద్ధపరచి, చేపలను రొట్టెను ఉంచి, వచ్చి భోజనము చేయుడని పిలిచెను. మరణమును జయించిన చేతులు పొయ్యియొద్ద పనిచేయుటకు సిగ్గుపడలేదు. ఇంటి వంట గొప్పదని ఎంచు విశ్వాసి మొదట ఆ పొయ్యి దగ్గరకు పోవలెను. తరువాత ఇతరుల పొట్లమునుగూర్చి మాటలాడవచ్చును. ఒకవేళ అప్పటికి మాటలాడుటకు అతనికి మనస్సుండకపోవచ్చును.

5. ఒక చిన్నవాని సద్ది

సువార్తలలో ఒక సద్దిగిన్నె కథ యున్నది. గలిలయ సముద్రము అద్దరిని కొండమీద అయిదువేలమంది పురుషులు ప్రభువు ఎదుట ఉండిరి. ఇన్నూరు దేనారముల రొట్టెలైనను చాలవని ఫిలిప్పు లెక్క కట్టెను. అంద్రెయ ఒక చిన్నవానిని చూపెను. వానియొద్ద అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు కలవు. యవల రొట్టె ఆ దేశములో పేదల రొట్టె. గోధుమ కొనలేనివారు తినునది. ఇంతమందికి ఇవి ఏపాటివి అని అంద్రెయ అనెను. దుష్టబుద్ధితో ననకపోయినను, అదియు గిన్నెకు తీర్పే.

ప్రభువు ఆ రొట్టెలను ఏమనెను? ముతకవనలేదు. ఇంకను మేలైనవి తెమ్మనలేదు. జనులను కూర్చుండబెట్టించి, వాటిని చేతపట్టుకొని, కృతజ్ఞతాస్తుతులు చెల్లించి పంచిపెట్టెను. అందరును తృప్తిగా తినిరి. మిగిలిన ముక్కలు పండ్రెండు గంపలు నిండెను. ఆ గంపలు నింపినవి ఆ యవల రొట్టెల ముక్కలే. ఆ చిన్నవాడు తన సద్దిని దాచుకొనినయెడల ఒక్క కడుపు నిండియుండును. ప్రభువు చేతికి వచ్చినందున అది సమూహమునకు విందాయెను.

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు హోటళ్లు మూతపడెను, మగ్గములు ఆగెను. పరస్థలములలో కూలి చేయువారికి ఆ దినములలో చేతనున్న పిండియు, వండుటకు తెలిసిన చేతులును, పంచుకొనుటకు ఇష్టపడిన పొరుగువారును ఎంత విలువైనవో తెలిసివచ్చెను. అప్పుడు ఎవని గిన్నెను చూచియు ఎవడును నవ్వలేదు. కొరత నేర్పిన ఆ పాఠమును సమృద్ధి కాలములో మరువకుండుట మేలు.

కావున వడోద్‌లోనైనను, వరంగల్లులోనైనను, సముద్రములు దాటిన దేశములలోనైనను, ఇంటి వంటను కోరు విశ్వాసి సిగ్గుపడక తన గిన్నెను విప్పవలెను, ఒంటరిగా విప్పకూడదు. ఒక రొట్టె ఎక్కువ కట్టించుకొనవలెను, వీలైనయెడల తానే కట్టుకొనవలెను. దేహము ఓర్చుకొనగలిగినంత మట్టుకు, సహోదరుడు ప్రేమతో ఇచ్చిన చిన్న ముక్కను కృతజ్ఞతతో పుచ్చుకొనవలెను. ఎదుట పెట్టినదానిని తినుమని పౌలు కొరింథీయులకు చెప్పినది ఇట్టి సందర్భమునకును తగును. అంగడి తిండి తినువాడు తన నవ్వును మ్రింగుకొనవలెను. బిడ్డ బడిలో రొట్టె దాచుకొనకుండునట్లు, ఆ రొట్టె తట్టిన తల్లి చేతులను తండ్రి ఇంటిలో ముందుగా గౌరవింపవలెను. దేవుని రాజ్యము తినుటలోను త్రాగుటలోను లేదనియు, నీతియు సమాధానమును పరిశుద్ధాత్మయందలి ఆనందమును దాని లక్షణములనియు రోమా 14:17 బోధించుచున్నది. ఆ రాజ్యము వచ్చిన చోట గిన్నెలు వేరైనను, కూర్చుండు చాప ఒక్కటే.

యవల రొట్టెను తృణీకరింపని ప్రభువు, తన ప్రజలలో తినువానిని తినని వానిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి, వండిన చేతులను బలపరచి, వారి మధ్య విరువబడు రొట్టెను ఆశీర్వదించును గాక. ఆమేన్.